వెర్రివాని వేషం

ఈ సంచికకొక వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందని సంపాదక వర్గం వారు కోరినప్పుడు, తెలుగు శాఖలో పనిచేస్తున్నవారం గనుక మేము తిక్కనను గురించో, మన గుంటూరు సీమకు వన్నె తెచ్చిన జాషువా మహాకవిని గురించో వ్రాస్తామని వారు ఆశించి ఉంటారు. వారు మమ్ము క్షమించాలి. మేము వ్రాయబూనినది ఒక గూఢచారిని గురించి. అందునా గంభీరుడైన గూఢచారి కాడు. తలాతోకా లేని మాటలతో ఎదుటివారిని విసిగించి, సామెతలను తలక్రిందులు చేసి పలికి, తన వంటవానిచేతనే చీవాట్లు తిని, చిట్టచివరకు అందరికంటే ముందుగా నేరస్థుని గుమ్మంలో ప్రత్యక్షమయ్యే వెర్రిబాగులవాడు. పేరు అలీ ఇమ్రాన్. ఉర్దూ శాఖ విద్యార్థులలో కొందరు తమ తాతల నోట ఈ పేరు విని ఉంటారు. తెలుగు శాఖ వారిలో పదిమందికైనా తెలిసి ఉంటుందని మేము అనుకోము.

ఇతనిని గురించి ఇప్పుడే వ్రాయటానికి ఒక కారణమున్నది. మా మేనమామ గారు – మేము మామూ అని పిలిచేవారం – గత సంవత్సరం కాలం చేశారు. చిలకలూరిపేటలో ఒక పత్తి కొట్టు గుమాస్తాగా కొంతకాలం, ఆ తరువాత గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో చిట్టా ఆవర్జాలు వ్రాస్తూ మిగిలిన కాలమూ గడిపిన మనిషి. ఆస్తి అంటూ ఏమీ మిగల్చలేదు, ఒక ఇనుప పెట్టె తప్ప. తెరిచి చూస్తే అందులో నూటముప్ఫైకి పైగా పుస్తకాలున్నవి. సగానికి మించి ఇబ్నె సఫీ వ్రాసిన ఉర్దూ జాసూసీ నవలలు. తక్కినవి తెలుగు డిటెక్టివ్ నవలలు. అట్టలు ఊడినవి కొన్ని, దారంతో కుట్టుకున్నవి కొన్ని. ఏ పుస్తకం తెరిచినా అక్షరాలకంటే ముందు మిరపకాయ ఘాటు పలకరిస్తుంది. పుటలు త్రిప్పిన చేతితో కన్ను నలుపుకుంటే ఇప్పటికీ మంటే.

ఆ పెట్టెను కళాశాల గ్రంథాలయానికి ఇస్తామని కమిటీ వారికి విన్నవించుకున్నాము. వారు కాదనలేదు, ఔననలేదు. “పిల్లలు పరీక్షలకు చదవవలసిన పుస్తకాలకే బీరువాలు చాలటం లేదు గదా మాస్టారూ, ఈ చౌకబారు నవలలు మనకెందుకండీ?” అని వారిలో ఒక పెద్దాయన అన్నారు. మా తండ్రిగారి ఈడువారు, ఈ కళాశాల కోసం ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేసినవారు. ఆయన మాట మాకు కష్టం కలిగించలేదు. కాని ఆ పెట్టెలో ఏమున్నదో ఆ పూట మేము సరిగా చెప్పలేకపోయాము. విషయం వాయిదా పడింది. ఆనాడు చెప్పలేకపోయిన మాటలే ఇవి.

ఇబ్నె సఫీ అసలు పేరు అస్రార్ అహ్మద్. 1928 జులై 26న అలహాబాదు జిల్లాలోని నారా గ్రామంలో జన్మించారు. 1980లో అదే జులై 26న కరాచీలో కన్నుమూశారు. 1952లో అలహాబాదు నుండి ‘జాసూసీ దునియా’ అనే నవలల వరుసను ప్రారంభించి, ఆ సంవత్సరమే పాకిస్తానుకు తరలిపోయారు. మనిషి సరిహద్దు దాటినా పుస్తకాలు మాత్రం రెండు వైపులా అచ్చవుతూనే వచ్చినవి. 1955లో ‘ఖౌఫ్‌నాక్ ఇమారత్’ అనే నవలతో ఇమ్రాన్ వరుస మొదలయింది. రెండు వరుసలూ కలిపితే సుమారు రెండువందల నలభై నవలలు. హిందీలో అచ్చు వేసినప్పుడు ఇమ్రాన్ పేరు మార్చి రాజేశ్ అని పెట్టారు. అక్కడి పాఠకులు అతనినీ అంతే ఆప్యాయంగా చదువుకున్నారు. పేరులో ఏమున్నదని అనుకునే రోజులు కూడా ఉండేవన్నమాట.

ఆంగ్లంలో జేమ్స్ బాండ్ మొదటి నవల వచ్చినది 1953లో. అంటే బాండ్, ఇమ్రాన్ ఇంచుమించు ఒక ఈడువారు. కాని ఒకరి గాలి మరొకరికి సోకలేదు. బాండ్ మద్యం త్రాగుతాడు, ఇమ్రాన్ చ్యూయింగ్ గమ్ నములుతాడు. బాండ్ చుట్టూ స్త్రీలుంటారు. ఇమ్రాన్ ఏ స్త్రీ అయినా ప్రేమగా చూస్తే పెసరపప్పును గురించి ప్రసంగం మొదలుపెడతాడు. బాండును చూస్తే శత్రువు జాగ్రత్త పడతాడు. ఇమ్రాన్‌ను చూసి జాగ్రత్త పడినవాడు లేడు. అమెరికాలో 1965లో ‘గెట్ స్మార్ట్’ అనే టెలివిజన్ ధారావాహిక వచ్చి, బూటులో టెలిఫోను పెట్టుకుని తిరిగే హాస్య గూఢచారిని చూసి లోకం నవ్వింది. అప్పటికి పదేళ్ళ ముందే ఉర్దూ పాఠకులు ఆ నవ్వు నవ్వి ఉన్నారు. ఒక భేదమున్నది. ఆ అమెరికా గూఢచారి నిజంగానే తెలివితక్కువవాడు. మనవాడు తెలివితక్కువవానిగా నటిస్తాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి విజ్ఞానశాస్త్రంలో డాక్టరేటు పొందినవాడు మరి!

మేము ఇతని పరిచయభాగ్యం పొందిన విధం చెప్పవలసి ఉన్నది. మాకప్పుడు పదేళ్ళు. ఆదివారం యార్డుకు సెలవు గనుక మామూ ఆనందపేటలోని మా ఇంటికి వచ్చేవారు. ఇంట్లో మేము మాట్లాడేది ఉర్దూయే, అదీ మన దక్కనీ ఉర్దూ. చదివేది మాత్రం తెలుగు బడిలో. ఉర్దూ లిపి మాకు గోడమీది నగిషీ వంటిది. చూడటానికి బాగుంటుంది, చెప్పేదేమిటో తెలియదు. మామూ మంచం మీద బోర్లా పడుకుని ‘ఖౌఫ్‌నాక్ ఇమారత్’ చదివి వినిపించటం మొదలుపెట్టారు. ఒక పాడుబడిన భవనం. అందులో ఒక సమాధి. అక్కడొక శవం, ఆ శవం మీద మూడు గాయాలు. మూడింటికీ మధ్య ఎడం సరిసమానం, కొలిచి పొడిచినట్లు. పోలీసు అధికారి కెప్టెన్ ఫయాజ్‌కు ఏమీ పాలుపోక, సిగ్గు విడిచి ఇమ్రాన్‌ను వెంటబెట్టుకు వస్తాడు. ఇమ్రాన్ ఆ భయానక స్థలంలో నిలబడి వెకిలి మాటలు మాట్లాడుతుంటాడు. ఫయాజ్ పళ్ళు కొరుక్కుంటాడు. సరిగా అక్కడికి వచ్చేసరికి మామూ పుస్తకం మూసేశారు.

“తరువాత ఏమైంది మామూ?”

“అలిఫ్, బే నేర్చుకో బేటా. తరువాత ఏమైందో పుస్తకమే చెబుతుంది.”

ఎంత బ్రతిమాలినా చెప్పలేదు. అమ్మ చేత చెప్పించినా చెప్పలేదు. ఆ వేసవి సెలవులు ముగిసేనాటికి మేము అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగాము. మాకు ఉర్దూ అక్షరాభ్యాసం చేయించినది, ఆ మూడు గాయాల మధ్య ఉన్న ఎడమే. దీనిని గొప్పగా చెప్పుకోవటం లేదు, ఉన్నదున్నట్లు చెబుతున్నాము.

ఇక మాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టం. ఇది ఒక్క నవలలోది కాదు. వరుస ముందుకు సాగినకొద్దీ రూపం మార్చుకుంటూ మళ్ళీ మళ్ళీ వస్తుంది. దేశపు రహస్య దళానికి ఒక అధిపతి ఉంటాడు. అతనిని ఎక్స్ టూ అంటారు. అతని ముఖాన్ని దళంలో ఎవరూ చూడలేదు. టెలిఫోనులో వినవచ్చే బొంగురు గొంతు మాత్రమే తెలుసు. ఆ గొంతు వింటే సఫ్దర్, తన్వీర్ వంటి వీరులు నిలువునా వణుకుతారు. జూలియా అనే స్విట్జర్లాండు యువతి ఆ కనిపించని మనిషిని మనసులోనే ఆరాధిస్తుంటుంది. వీరంతా కలిసి ఇమ్రాన్‌ను వెక్కిరిస్తుంటారు, తన్వీర్ అయితే కొట్టటానికి కూడా పోతాడు. ఇమ్రాన్ ఏదో పిచ్చిమాట చెప్పి ప్రక్క గదిలోకి వెళతాడు. కొద్దిసేపటికి టెలిఫోను మ్రోగుతుంది. బొంగురు గొంతు. అందరూ లేచి నిలబడతారు. ఆ గొంతు ఇమ్రాన్‌దేనని పాఠకునికి తెలుసు, వారికి తెలియదు.

మేము చిన్నతనంలో ఈ ఘట్టానికి పొట్ట చెక్కలయ్యేటట్లు నవ్వేవారం. పెద్దయిన తరువాత చదివితే నవ్వు వస్తూనే ఉన్నది గాని, దాని వెనుక మరొకటి కూడా వస్తున్నది. ఆ మనిషి ఒక్కసారి “నేనే” అంటే చాలు, ఆ వెక్కిరింతలన్నీ ఆగిపోతాయి. అనడు. అవమానం అతనికి పని చేసే చోటు. తన గొప్పతనం ఎవరికీ తెలియకపోవటంలోనే అతని పని సాగుతుంది. యార్డులో వ్యాపారస్థులు “ఏమోయ్ గుమాస్తా” అని పిలిస్తే చిరునవ్వుతో లేచి వెళ్ళే మా మామూ, తన బల్ల సొరుగులో ఇమ్రాన్‌ను దాచుకున్నందుకు కారణం ఇది కాబోలునని ఇప్పుడు అనిపిస్తున్నది. అడగవలసిన రోజులలో మేము అడగలేదు.

వెర్రివాని వేషం ఇబ్నె సఫీ కనిపెట్టినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం గూఢపురుషుల వేషాలను పేర్కొంటూ గూనివారు, మరుగుజ్జులు, మూగవారు, చెవిటివారు, గ్రుడ్డివారితో పాటు జడుల వేషాన్ని కూడా చెప్పింది. తెలివిలేనివాని ముందు ఎవరూ మాట దాచుకోరన్న సంగతి రెండువేల సంవత్సరాలకు పూర్వమే మనవారికి తెలుసు. బాగ్దాదులో హారూన్ అల్ రషీద్ కాలపు బహ్లూల్ పిచ్చివానివలె తిరుగుతూ ఖలీఫాకే బుద్ధులు చెప్పాడని మన ఇళ్ళలో అవ్వలు కథలు చెబుతారు. మన తెనాలి పేరు మోస్తున్న వికటకవి సంగతి చెప్పనక్కరలేదు. అలహాబాదు కుర్రవాడు చేసినదల్లా ఈ పాత వేషాన్ని తెచ్చి టెలిఫోను, కారు, రివాల్వరు ఉన్న నగరంలో నిలబెట్టటమే.

తెలుగులో ఈ వేషం ఆలస్యంగా వచ్చింది. మనకు డిటెక్టివులు తక్కువేమీ కాదు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అతని సహాయకుడు రాజు ఒక తరాన్ని రాత్రిళ్ళు నిద్రపోనివ్వలేదు. ఆ తరువాతి తరానికి మధుబాబు గారి షాడో ఉన్నాడు. వెండితెర మీద 1966లో వచ్చిన ‘గూఢచారి 116’ చిత్రంతో తెనాలి దగ్గరి బుర్రిపాలెం యువకుడు కృష్ణ గారు తెలుగువారి గూఢచారి అయినారు. ఆ కథనే మరుసటి సంవత్సరం బొంబాయి వారు ‘ఫర్జ్’ పేరిట జితేంద్రతో తీసుకున్నారు. గూఢచారి విషయంలో మనం ఉత్తరాదికి అప్పు పెట్టినవారమే గాని తీసుకున్నవారం కాము. అయితే వీరంతా ధీరగంభీరులు. నవ్వించే పని ప్రక్కనున్నవారికి అప్పగించేవారు.

ఆ పనిని నాయకుడే చేపట్టటం మేమెరిగినంతలో ‘చంటబ్బాయ్’లోనే నిండుగా కనబడుతుంది. మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవల ఆధారంగా జంధ్యాల గారు 1986లో తీసిన చిత్రమది. మేము పుట్టకమునుపటి చిత్రమే గాని, టెలివిజనులో ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు. అప్పటికే పోరాటాలకు, నృత్యాలకు పేరుపడిన చిరంజీవి గారు ఆ రెంటినీ ప్రక్కన పెట్టి, పాండురంగారావు అనే చిల్లర డిటెక్టివు వేషం వేశారు. పాండురంగారావు తనను తాను జేమ్స్ పాండ్ అని చెప్పుకుంటాడు. ఆ పేరులోనే సగం కథ ఉన్నది. బాండు కావాలని ఉన్నది, కాని ఇంటి పేరూ ఒంటి పేరూ వదలవు. ఒక పాటలో చార్లీ చాప్లిన్ వేషంలో కూడా కనబడతాడు. ఆ టోపీ, ఆ చేతికర్ర, ఆ నడక: తాను ఏ వంశం వాడో అక్కడ చెప్పకనే చెప్పాడు.

నింద పడిన ఒక యువతిని – సుహాసిని గారు ఆ పాత్ర ధరించారు – ఆ నింద నుండి తప్పించటంతో కథ నడక అందుకుంటుంది. తరువాత చంటబ్బాయ్ అనే తప్పిపోయిన బిడ్డను వెదకిపెట్టే పని పాండురంగారావు మీద పడుతుంది. చిత్రమంతా నవ్వుతూనే వెదుకుతాడు. చివరకు తేలేదేమంటే, ఆ చంటబ్బాయ్ తానే. తండ్రి పాత్రలో మన తెనాలి ప్రాంతపువారే అయిన జగ్గయ్య గారు ఎదుట నిలబడతారు. అంతవరకు కోతిచేష్టలతో నవ్వించిన మనిషి గొంతులో అప్పుడు వినవచ్చే కోపం, చిన్నప్పుడు చూసినప్పుడు మాకు నచ్చలేదు. హాస్యచిత్రంలో ఈ ఏడుపెందుకని ఛానలు మార్చాము కూడా.

ఇప్పుడు ఆ చోటనే ఆగి చూస్తాము. ఎందుకంటే ఇమ్రాన్ కథకూ మూలం అదే. ఇమ్రాన్ తండ్రి రహ్మాన్ సాహెబ్ గూఢచార విభాగానికి డైరెక్టర్ జనరల్. కొడుకు పనికిమాలినవాడని ఇంటినుండి వెళ్ళగొట్టాడు. వెళ్ళగొట్టబడిన ఆ కొడుకే, తండ్రికి తెలియకుండా, దేశపు రహస్య దళానికి అధిపతి. అక్కడ తండ్రికి కొడుకు విలువ తెలియదు. ఇక్కడ తండ్రికి కొడుకు ఉనికే తెలియదు. అలహాబాదులో పుట్టి కరాచీలో వ్రాసిన ఉర్దూ రచయితకు, తెలుగు నవలాకారునికి, తెలుగు దర్శకునికి పరస్పరం పరిచయం ఉన్నదని మేము అనటం లేదు. పరిచయం లేకుండానే ఇద్దరు వెర్రివారి ముసుగు తీస్తే లోపల ఇంట్లో చోటు దొరకని బిడ్డలే కనబడ్డారు. నవ్వించేవాడు నవ్వించటం ఎక్కడ నేర్చుకుంటాడో ఈ రెండు కథలకూ తెలుసు.

ఈ మాట వ్రాస్తుంటే మా ఇంటి సంగతి ఒకటి గుర్తుకు వస్తున్నది. మామూ పదిహేనేళ్ళ వయసులో జాసూసీ నవల చదువుతూ పట్టుబడితే మా తాతగారు ఆ పుస్తకాన్ని నిలువునా చించి పెరట్లో పారేశారట. “నికమ్మా” అని పేరు పెట్టారట. ఆ పేరు మామూకు ఇంట్లో చాలాకాలం నిలిచిపోయింది. ఆ చిరుగులను ఏరి దాచుకున్న మామూ, ఎన్నో ఏళ్ళ తరువాత యార్డులో టిక్కీల మూతులు కుట్టే దబ్బనంతో, పురికొసతో కుట్టుకున్నారు. అది ఇప్పుడు మా బల్లమీద ఉన్నది. కుట్టు పడినచోట అక్షరాలు కొన్ని పోయినవి గాని, కథ పోలేదు.

ఆ పుస్తకం ‘డేఢ్ మత్‌వాలే’. దీని వెనుక ఒక చరిత్ర ఉన్నది. 1960లో ఇబ్నె సఫీకి తీవ్రమైన మానసిక వ్యాధి సోకింది. మూడేళ్ళపాటు కలం పట్టలేదు. ఆ లోగా ఆయన పేరును పోలిన పేర్లతో నకిలీ నవలలు బజారులో కుప్పలు పడినవి. 1963లో కోలుకుని ఆయన తిరిగి వ్రాసిన మొదటి ఇమ్రాన్ నవల ఇది. భారతదేశంలో దాని ప్రతిని ఆ సంవత్సరం నవంబరులో ఆవిష్కరించినది లాల్ బహదూర్ శాస్త్రి గారు. కేంద్ర హోంమంత్రి పదవిని అప్పటికి కొద్ది నెలల ముందే విడిచిపెట్టిన ఆ పెద్దమనిషి, ఏడాది తిరగకుండానే దేశానికి ప్రధాని అయినారు. జాసూసీ నవలను చేతబట్టుకోవటానికి ఆయనకు చిన్నతనం అనిపించలేదు. కమిటీ పెద్దలు ఈ ఒక్క వాక్యాన్ని మరొకసారి చదవవలసిందిగా మా మనవి.

1987–88 ప్రాంతంలో తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టిన సంగతి మన ప్రకాశం, గుంటూరు జిల్లాల పెద్దలు మరువగలిగినది కాదు. మందులు కొట్టి కొట్టి అప్పుల పాలైన రైతులు ఆ మందే త్రాగి ప్రాణాలు తీసుకున్న రోజులవి. మామూ పనిచేసే పత్తి కొట్టు మూతపడింది. రావలసిన జీతం రాలేదు. తన చేతితో పద్దులు వ్రాసిన రైతులలో ఇద్దరు పోయారు. ఆ రోజులలో మామూ మా అమ్మ వాళ్ళ ఇంట్లో ఉండేవారు. ఒక రాత్రి అందరూ నిద్రపోయిన తరువాత వసారాలో ఒక్కరే కూర్చుని పగలబడి నవ్వుతుంటే, మతి చలించిందేమోనని అమ్మ హడలిపోయి లేచి వెళ్ళింది. చూస్తే చేతిలో కుట్టిన పుస్తకం. ఇమ్రాన్, వంటవాడు సులేమాన్ పెసరపప్పు విషయమై పోట్లాడుకుంటున్నారు. “భయపడ్డావా ఆపా? ఏడవటానికి ఇంకా సమయమున్నదిలే” అన్నారట. మూడేళ్ళు మతి తప్పి తిరిగి వచ్చిన రచయిత వ్రాసిన పుస్తకాన్ని ఆ రాత్రికి మామూ ఎంచుకోవటం కాకతాళీయమే కావచ్చు.

అభిమానులం గనుక దోషాలు కనబడటం లేదని ఎవరూ అనుకోరాదు. ఇమ్రాన్ అంగరక్షకుడు జోసెఫ్ ఆఫ్రికావాడు. అతనిని త్రాగుబోతుగా, దయ్యాలకు భయపడే మూఢునిగా చిత్రించిన తీరు మాకు రుచించదు. ఆ పేజీలు వచ్చినప్పుడు తరగతిలో చదవాలంటే నోరు రాదు. జూలియా అంత సమర్థురాలిని పట్టుకుని ఎప్పుడూ నిట్టూర్పులకే పరిమితం చేయటం అన్యాయం. నెలకొక నవల వ్రాసే తొందరలో కథ కుంటిన చోట్లు చాలానే ఉన్నవి. ‘చంటబ్బాయ్’ విషయానికి వస్తే, నవ్వులన్నీ ముందే ఖర్చయిపోయి చివరి భాగం బరువెక్కింది. ఏ ముక్కకా ముక్క బాగుంటుంది గాని ముక్కలను కలిపిన అతుకు అక్కడక్కడ కనబడుతుంది. ఇన్ని తప్పులున్నా మళ్ళీ చదువుతాము, మళ్ళీ చూస్తాము. తప్పులు లేని పుస్తకాలు మా బీరువాలోనూ ఉన్నవి, దుమ్ము పట్టి.

చౌకబారు అనే మాటను గురించి రెండు ముక్కలు. చౌకగా అమ్మినవి గనుకనే ఆ పుస్తకాలు ఒక గుమాస్తా చేతికి అందినవి. ఉర్దూ విమర్శకులలో అగ్రగణ్యులైన షంసుర్ రహ్మాన్ ఫారూఖీ గారు ఇబ్నె సఫీ నవలలు నాలుగింటిని తామే ఆంగ్లీకరించారు. మదరాసులోని ఒక ప్రచురణ సంస్థ వాటిని 2011లో అచ్చు వేసింది. మీర్ తఖీ మీర్ కవిత్వానికి సంపుటాలకొద్దీ వ్యాఖ్యానం వ్రాసిన కలమది. మన తెలుగులో ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రచించిన ఆరుద్ర గారు స్వయంగా అపరాధ పరిశోధక నవలలు వ్రాశారు. ఆయన రచించిన సాహిత్య చరిత్ర మన గ్రంథాలయంలో ఉన్నది, ఉండవలసినదే. ఆయన వ్రాసిన డిటెక్టివు నవల గుమ్మం దగ్గర నిలబడి ఉన్నది.

అసలు సంగతి ఇంకొకటి. ఈ కళాశాలలో రెండు శాఖలున్నవి, రెండు లిపులున్నవి, వార్షిక సంచికలో రెండు వైపులున్నవి. ఈ సంచికనే చూడండి: తెలుగు వారు ఎడమనుండి తెరుస్తారు, ఉర్దూ వారు కుడినుండి తెరుస్తారు. నడుమ ప్రకటనల పుటల దగ్గర కలుసుకుంటారు, అక్కడ విడిపోతారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలలో ఎంతమంది ఆ రెండవ సగాన్ని చదవగలరో మేము తరగతిలో చేతులెత్తించి చూశాము. లేచిన చేతులు చూసి మనసుకు కష్టం కలిగింది. నూర్‌బాషా కుటుంబాల పిల్లలకు ఇంటి భాషే తెలుగు. తాతలు ఈ పత్తి నేలలోనే దూది ఏకినవారు. వారిని ఉర్దూ నేర్వలేదని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఇటు ఉర్దూ శాఖ పిల్లలకు తెలుగు అంటే పరీక్షలో గట్టెక్కవలసిన వాగు మాత్రమే. మహాకవులను చూపించి వీరిని ఒకరి పుటలోనికి మరొకరిని రప్పించాలని మేము చాలా ప్రయత్నించాము. గాలిబ్ పేరు చెబితే తెలుగు పిల్లలు వినయంగా తల ఊపారు. తిక్కన పేరు చెబితే ఉర్దూ పిల్లలూ అంతే వినయంగా తల ఊపారు. వినయంతో ఎవరూ పుస్తకం తెరవరు. మూడు గాయాల మధ్య ఎడం సమానంగా ఎందుకున్నదో తెలుసుకోవాలన్న ఆత్రంతో తెరుస్తారు.

కాబట్టి కమిటీ వారిని మేము కోరేది ఒక్క బీరువా కూడా కాదు, ఒక్క అర. అందులో ఇమ్రాన్, యుగంధర్, షాడో, చంటబ్బాయ్ లిపి భేదం లేకుండా ప్రక్కప్రక్కన నిలబడాలి. ఉర్దూ శాఖ విద్యార్థి ఒకరు చదివి వినిపిస్తుంటే తెలుగు శాఖ విద్యార్థి ఒకరు తెలుగులో వ్రాసుకునే ఏర్పాటు వారానికొక గంట మేము చూసుకుంటాము. అందుకు కళాశాల ఒక్క పైసా ఖర్చు పెట్టనక్కరలేదు. బైండింగు ఖర్చు సైతం మాదే. దబ్బనం ఇంట్లోనే ఉన్నది.

ఈ వ్యాసం సగం వ్రాసి ఉండగా మొదటి సంవత్సరం కుర్రవాడొకడు మా గదికి వచ్చి, తెరిచి ఉన్న పెట్టెను చూసి, ఘాటుకు రెండుసార్లు తుమ్మి, ఏమిటివని అడిగాడు. మిరపకోతల కాలంలో కూలికి పోయి ఫీజు కట్టుకునే పిల్లవాడు. ఆ ఘాటు అతనికి కొత్త కాదు, పుస్తకంలో నుండి రావటమే కొత్త. కూర్చోబెట్టి ‘ఖౌఫ్‌నాక్ ఇమారత్’ చదువుతూ తెలుగులో అర్థం చెప్పాము. శవం దాకా వచ్చాము. ఫయాజ్ పళ్ళు కొరికాడు. పుస్తకం మూసేశాము.

“తరువాత ఏమైంది సార్?” అన్నాడు.

ఇప్పటికి అతనికి ‘జీమ్’ దాకా వచ్చింది. చుక్క పైన పెట్టాలా, కడుపులో పెట్టాలా, అసలు పెట్టకూడదా అని ఇంకా తడబడుతున్నాడు. కమిటీ వారి సమావేశం వచ్చే నెలలో ఉన్నది.